నేపుల్స్‌లో ఎటు చూసినా ఎస్పోసిటోలే ఎందుకు?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. మాస్టర్స్ చదవడానికి నేపుల్స్ వచ్చారు. ఇంటి ఓనర్ ఎస్పోసిటో, డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రొఫెసర్ ఎస్పోసిటో, సిమ్ కార్డు అమ్మిన అబ్బాయి ఎస్పోసిటో, అద్దె కాగితాలు రాసిన ఆవిడ కూడా ఎస్పోసిటోనే. వీళ్ళంతా ఒకే వంశం వాళ్ళా? మన దగ్గర రెడ్డి, నాయుడు లాంటి పట్టప్పేరా? ఆ పేరుకు ఏదో చెడ్డ అర్థం ఉందని క్లాస్‌మేట్ అన్న మాట నిజమేనా? ఆ పేరుతో గొప్పవాళ్ళెవరైనా ఉన్నారా? చివరగా, ఓనర్‌ని ఈ సంగతి అడగొచ్చా?

నేను ఇటలీలో పాత జనన, వివాహ రికార్డులు అనువదించే పనిలో ఉన్నాను. అమెరికా, అర్జెంటీనాల్లో స్థిరపడిన ఇటాలియన్ల మనవలు తాతముత్తాతల కాగితాలు పట్టుకుని వస్తుంటారు. ఆ కాగితాల్లో నాకు ఎక్కువగా తగిలే పేరు ఇదే. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

వంశం కాదు, కులం కాదు, పట్టమూ కాదు. మీ క్లాస్‌మేట్ చెప్పినదాంట్లో నిజముంది. లాటిన్‌లో ‘ఎక్స్‌పోజితుస్’ అంటే బయట ఉంచినది, బయట వదిలేసినది అని అర్థం. కన్నవాళ్ళు ఏ గుడి మెట్ల మీదో, ఆసుపత్రి గుమ్మం దగ్గరో వదిలిపెట్టి వెళ్ళిన పసిబిడ్డను రికార్డుల్లో అలా రాసేవారు. మొదట్లో అది ఇంటిపేరు కాదు, బిడ్డ పరిస్థితిని చెప్పే మాట మాత్రమే. ‘ఫలానా తేదీన వదిలేసిన బిడ్డ, పేరు ఆంతోనియో’ అని రాసిన గుమాస్తా మాటే ఆ బిడ్డ పెద్దవాడై పెళ్ళి చేసుకునే నాటికి ఇంటిపేరైపోయింది. వాడి కొడుకు తల్లిదండ్రుల దగ్గరే పెరిగినా, వాడి మనవడికి నాలుగు ఓడలున్నా ఎస్పోసిటోనే.

ఇదంతా ఎక్కడ జరిగిందో మీరు నడిచి వెళ్ళి చూడొచ్చు. నేపుల్స్ సెంట్రల్ స్టేషన్ నుంచి ఫోర్చెల్లా అనే పేట వైపు కొంత దూరం నడిస్తే అనున్‌జియాతా అనే చర్చి, దానికి ఆనుకుని ఒక ఆసుపత్రి వస్తాయి. ఈ ధర్మసంస్థ 14వ శతాబ్దంలో, ఆంజూ వంశపు రాజుల కాలంలో వెలిసింది. రాజు రొబెర్తో భార్య సాంచా రాణి దీన్ని బాగా పోషించింది. క్రమంగా ఆసుపత్రి, అనాథ శిశువుల ఆశ్రమం, పేద పిల్లలకు కట్నాలిచ్చే నిధి, చివరికి సొంత బ్యాంకు కూడా ఏర్పడ్డాయి. ఆ బ్యాంకు 1702లో దివాలా తీసింది. చర్చి 1757లో తగలబడితే లుయిజీ వాన్వితెల్లి కొత్తగా కట్టడం మొదలుపెట్టాడు, ఆయన కొడుకు కార్లో 1782లో పూర్తిచేశాడు. కజెర్తాలోని రాజభవనం కట్టింది కూడా ఈ లుయిజీనే.

అక్కడ చూడాల్సింది మాత్రం చర్చి కాదు, పక్క గోడలోని చక్రం. ఇటాలియన్‌లో ‘రువోతా’ అంటారు. పేరుకు చక్రమే గానీ నిజానికి గోడలో నిలువుగా అమర్చిన చెక్క పీపా. ఒక పక్క తెరిచి ఉంటుంది, ఇరుసు మీద తిరుగుతుంది. వీధి వైపు నుంచి బిడ్డను అందులో పడుకోబెట్టి తిప్పితే బిడ్డ లోపలి గదిలోకి చేరుతుంది. గంట మోగుతుంది. లోపల రాత్రీ పగలూ కాపలా ఉండే స్త్రీ బిడ్డను తీసుకుంటుంది. పెట్టింది ఎవరో లోపలివాళ్ళకు కనపడదు, తీసుకుంది ఎవరో బయటివాళ్ళకు కనపడదు. కావాలనే అలా కట్టారు. పరువు కోసం బిడ్డను ఏ బావిలోనో పడేయకుండా ఇక్కడికి తెస్తారని వాళ్ళ ఆలోచన. అందుకే ఎవరనీ అడగలేదు.

బిడ్డ లోపలికి రాగానే కడిగి, బాప్తిస్మం ఇచ్చి, రిజిస్టర్లో ఎక్కించేవారు. వచ్చిన రోజు, వేళ, సుమారు వయసు, ఒంటి మీద గుడ్డలు, పుట్టుమచ్చలు అన్నీ రాసేవారు. మెడలో సీసపు బిళ్ళ కట్టేవారు. తల్లి బిడ్డతోపాటు ఏదైనా గుర్తు పెట్టి ఉంటే అదీ రాసి దాచేవారు. సగానికి విరిచిన నాణెం, సగం చింపిన దేవుడి బొమ్మ, రిబ్బను ముక్క, పేకముక్కలో సగం లాంటివి. ఎప్పుడైనా తిరిగి వచ్చి రెండో సగం చూపిస్తే ఈ బిడ్డ నాదేనని రుజువు. వచ్చినవాళ్ళు తక్కువ. అలా వచ్చేసరికి బిడ్డ బతికి ఉండటం ఇంకా తక్కువ. ఈ ఆశ్రమాల్లో పసిపిల్లల చావులు భయంకరంగా ఉండేవి. ఒక్కో దాది ఇద్దరు ముగ్గురికి పాలివ్వాల్సి వచ్చేది, రోగాలు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేవి. చక్రాన్ని దయామయమైన ఏర్పాటని పొగిడే టూరిస్టు కరపత్రాలు ఈ సంగతి ఎత్తవు.

చక్రంలో వచ్చిన పిల్లలంతా అనాథలు, పెళ్ళికాని తల్లుల బిడ్డలు అనుకోకండి. కరువు వచ్చిన ఏడు, తల్లి పురిట్లో చనిపోయినప్పుడు, ఇంట్లో ఇంకో నోటికి తిండి లేనప్పుడు పెళ్ళయిన దంపతులు కూడా బిడ్డను తెచ్చి పెట్టేవారు. కొందరు దాన్ని శాశ్వతంగా వదిలెయ్యడం అనుకోలేదు. విరిచిన నాణేలు అందుకే.

బతికిన పిల్లల్ని చుట్టుపక్కల పల్లెల్లో పాలిచ్చే స్త్రీల దగ్గరికి జీతమిచ్చి పంపేవారు. వాళ్ళలో చాలామంది ఆ పల్లెల్లోనే పెరిగి, అక్కడే పనికి కుదిరి, అక్కడే పెళ్ళాడారు. నేపుల్స్‌లో పుట్టిన ఈ ఇంటిపేరు ఆ నగరం ఉన్న కాంపానియా ప్రాంతమంతటా ఎలా పాకిందంటే కారణం ఇదే. సొర్రెంతో ద్వీపకల్పంలో దీనికే ‘దెస్పోసిటో’ అని ఇంకో రూపం ఉంది. సిసిలీ, కలాబ్రియాల్లో ‘స్పోసితో’ అంటారు. మగపిల్లలు పెద్దయ్యాక బయటికి పోయేవారు. ఆడపిల్లలు ఆశ్రమంలోనే ఉండిపోయేవారు. వాళ్ళకు కట్నం ఆశ్రమమే ఇచ్చేది. నేపుల్స్ జనం ఈ పిల్లల్ని మరియమ్మ బిడ్డలు అనేవారు. అందులో జాలి ఉంది, కాస్త మర్యాదా ఉంది.

అందరికీ ఒకే పేరు ఎందుకు పెట్టారంటే, పెట్టాలని ఎవరూ అనుకోలేదు. హాస్టల్ పళ్ళేలన్నింటి మీదా ఒకటే ముద్ర కొట్టినట్టు, వచ్చిన ప్రతి బిడ్డ పక్కనా అదే మాట రాశారు, అంతే. నేపుల్స్ అప్పట్లో యూరప్‌లోని అతి పెద్ద నగరాల్లో ఒకటి. శతాబ్దాలపాటు ఆ గోడలోంచి పిల్లలు వస్తూనే ఉన్నారు. ఇవాళ ఇటలీ మొత్తంలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లలో రోస్సి, రుస్సో, ఫెర్రారిల వెనకే ఎస్పోసిటో వస్తుంది. నేపుల్స్ వరకే చూస్తే మొదటిది ఇదే.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పేరు ఎక్కడ ఆగిందో అక్కడే తెలుస్తుంది. నెపోలియన్ బావమరిది జోవాకిన్ మురాత్ 1808 నుంచి 1815 దాకా నేపుల్స్ రాజు. ఆయన హయాంలో ఈ పేరు పెట్టడం మాన్పించారు. ఆ ఫ్రెంచి పాలనలోనే, 1809లో, ప్రభుత్వ జనన రిజిస్టర్లు మొదలయ్యాయి. అప్పటినుంచి దొరికిన బిడ్డకు గుమాస్తా తోచిన పేరు పెట్టేవాడు. పువ్వు పేరో, ఊరి పేరో, నెల పేరో. కొందరు గుమాస్తాలు వెటకారం కూడా చేశారు. ఆ రిజిస్టర్లు చదువుతుంటే పుస్తకం విసిరి కొట్టాలనిపించే పేర్లు తగులుతాయి. 1875లో నేపుల్స్ చక్రాన్ని మూసేశారు.

ఇందులో నాకు ఆసక్తిగా అనిపించేది ఒకటుంది. ఎస్పోసిటో అంటే ఏమిటో అందరికీ తెలుసు గనక అది దాచేది కాదు. లక్షలమందికి ఉన్న పేరులో సిగ్గు ఎంతకాలం నిలుస్తుంది? నిషేధం తర్వాత పుట్టిన కొత్త పేర్లు మాత్రం పైకి మామూలుగా కనపడతాయి. ముత్తాత దొరికిన బిడ్డ అని ఆ కుటుంబానికే తెలియదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎస్పోసిటోలు ఎవరూ ఆశ్చర్యపోరు. ఊళ్ళో ఇంకెవరికీ లేని వింత పేరు ఉన్నవాళ్ళే రికార్డు చదివాక కుర్చీలో వెనక్కి వాలతారు.

ఇప్పటి చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 2000 సంవత్సరపు 396వ నంబరు అధ్యక్ష డిక్రీలో 34వ అధికరణం ప్రకారం, తల్లిదండ్రులు తెలియని బిడ్డకు ఆ సంగతి బయటపెట్టే పేరు గానీ ఇంటిపేరు గానీ పెట్టకూడదు. చరిత్రలో ప్రసిద్ధమైన ఇంటిపేరు, ఆ ఊళ్ళో పేరున్న కుటుంబపు ఇంటిపేరు కూడా పెట్టకూడదు. అదే అధికరణంలో ఇంకో సంగతి ఉంది: బతికున్న తండ్రి పేరే కొడుకుకు పెట్టకూడదట. తాత పేరు పెట్టుకునే మనకు పేచీ లేదు. ఇంకో మార్పు 2022లో వచ్చింది. బిడ్డకు మామూలుగా తండ్రి ఇంటిపేరే ఎక్కే పద్ధతి చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం 131వ నంబరు తీర్పు ఇచ్చింది. ఇప్పుడు తల్లిదండ్రులు ఒప్పుకుని ఒకటే ఎంచుకుంటే తప్ప రెండు ఇంటిపేర్లూ వస్తాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఎస్పోసిటోలే అయిన ఇళ్ళు నేపుల్స్‌లో కొత్తేమీ కాదు.

ఇక్కడే మన తెలుగువాళ్ళకు వచ్చే సందేహం ఒకటుంది: ఇద్దరు ఎస్పోసిటోలు పెళ్ళి చేసుకోవచ్చా? ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళ వరస అని మనం ముందే ఆగిపోతాం. ఇటలీలో ఆ పట్టింపు లేదు. చర్చి చూసేది రక్తసంబంధం ఎన్ని తరాల దూరమని, ఇంటిపేరు కాదు. పైగా ఎస్పోసిటోల విషయంలో ఆ పట్టింపుకు ఆధారమే లేదు. మూలపురుషుడు ఒక్కడు కాడు, వేలమంది. వాళ్ళలో ఎవరికి ఎవరూ ఏమీ కారు. మీ ఓనరూ, మీ ప్రొఫెసరూ చుట్టాలు కావడానికి ఎంత అవకాశముందో, ఇద్దరూ నేపుల్స్‌లో పుట్టిన వేరే పేర్లవాళ్ళయినా అంతే ఉండేది.

ఇక పేరున్నవాళ్ళు.

నేపుల్స్‌లో ఉంటున్నారు కాబట్టి ముందుగా రఫాయెలే ఎస్పోసిటో. 1889లో ఉంబెర్తో రాజు భార్య మార్గెరీతా నేపుల్స్ వచ్చి కపోదిమోంతె భవనంలో ఉన్నప్పుడు ఆయనను పిలిపించి పిజ్జాలు చేయించారని, టమాటా, మొజరెల్లా, బేసిల్ ఆకులు వేసినదానికి రాణి పేరు పెట్టారని ప్రసిద్ధ కథ. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ అంటే ఇటలీ జెండా రంగులు. రాజభవనం నుంచి కమిల్లో గల్లి అనే అధికారి సంతకంతో 1889 జూన్ 11 తేదీ వేసిన ఉత్తరం ఆయన దుకాణంలో ఇప్పటికీ చట్రంలో కట్టి ఉంది. కియాయా వీధికి దగ్గర్లోని ఆ దుకాణం ఇప్పుడు బ్రాందీ అనే పేరుతో నడుస్తోంది. అది రఫాయెలే భార్య పుట్టింటి పేరు. గోడ మీద 1889–1989 అని వందేళ్ళ ఫలకం చూస్తారు. ఆ ఉత్తరం అసలుదో కాదో అని పరిశోధకులు సందేహాలు లేవనెత్తారు. అవే దినుసులతో పిజ్జా అంతకు ముందు కూడా నేపుల్స్‌లో ఉందన్నది మాత్రం ఖాయం. నన్నడిగితే రాణి కథ మొత్తం నిజం కాకపోయినా, రఫాయెలే మంచి వ్యాపారి అని మాత్రం నిజం. మీరు వెళితే పిజ్జా తిని రండి, కథను మాత్రం పరీక్షలో రాయకండి.

సముద్రం దాటిన ఎస్పోసిటోలలో మన కుర్రాళ్ళకు బాగా తెలిసినవాడు జాన్‌కార్లో ఎస్పోసిటో. ‘బ్రేకింగ్ బాడ్’ అనే అమెరికా టీవీ సిరీస్‌లో చికెన్ షాపు నడుపుతూ నెమ్మదిగా మాట్లాడే ఆ గస్ ఫ్రింగ్. 1958లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పుట్టాడు. తండ్రి నేపుల్స్ వాడు, నాటకశాలల్లో తెర వెనక పని చేసేవాడు. తల్లి అలబామా నుంచి వచ్చిన నల్లజాతి ఒపెరా గాయని. అమెరికా వాళ్ళు ఆ పేరును ‘ఎస్పొసీటో’ అని మూడో అక్షరం సాగదీసి పలుకుతారు. నేపుల్స్‌లో అలా అంటే వెంటనే టూరిస్టు అని తెలిసిపోతుంది. ఇక్కడ ఒత్తు ‘పో’ మీద: ఎస్పోసితో. మీ ఓనర్‌తో మాట్లాడేటప్పుడు అలాగే అనండి.

కెనడాలో ఈ పేరు ఎత్తితే ఐస్ హాకీయే గుర్తొస్తుంది. ఒంటారియోలో సూ సెంట్ మరీ అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊరు. అక్కడి ఇటాలియన్ కుటుంబంలో 1942లో ఫిల్, 1943లో టోనీ పుట్టారు. ఫిల్ గోల్స్ కొట్టేవాడు, టోనీ గోల్స్ ఆపేవాడు. 1968-69 సీజన్లో ఫిల్ 126 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి) చేశాడు. నేషనల్ హాకీ లీగ్‌లో ఒక సీజన్లో వంద దాటినవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు. 1970-71లో 76 గోల్స్ కొట్టాడు. ఆ రికార్డు దశాబ్దం పాటు నిలిచింది, వేన్ గ్రెట్‌స్కీ వచ్చి 92 కొట్టేదాకా. 1972లో సోవియట్ జట్టుతో జరిగిన ఎనిమిది ఆటల సిరీస్‌లో కెనడాను ముందుండి నడిపించినవాడూ ఫిల్లే. టోనీ తక్కువేం కాదు. 1969-70లో షికాగో తరఫున 15 ఆటల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. వీళ్ళిద్దరి కథల్లో నాకు నచ్చేది 1968 డిసెంబరు నాటిది. టోనీ మాంట్రియల్ గోలీగా ఆట మొదలుపెట్టిన తొలి లీగ్ మ్యాచ్ అన్న ఆడే బోస్టన్ మీదే పడింది. ఆట 2-2తో ముగిసింది. తమ్ముడి మీద పడిన ఆ రెండు గోల్సూ అన్నవే. ఆ రాత్రి వాళ్ళమ్మ ఫోనులో పెద్దకొడుకుతో ఏమని ఉంటుందో మన ఇళ్ళల్లో పెరిగిన ఎవరైనా ఊహించగలరు.

టోనీ ఎస్పోసిటో అని నేపుల్స్‌లో వెతికితే మాత్రం ఇంకొకాయన వస్తాడు. 1950లో ఇక్కడే పుట్టిన తాళవాద్య కళాకారుడు. సాల్వతోరె ఎస్పోసిటో అంటే కూడా ఇద్దరు: ఒకడు నేపుల్స్ మాఫియా కథతో వచ్చిన టీవీ సిరీస్ నటుడు, ఇంకొకడు ఫుట్‌బాలర్. ఆ ఫుట్‌బాలర్ తమ్ముళ్ళు సెబాస్తియానో, ఫ్రాంచెస్కో పియో కూడా ఆటగాళ్ళే. ముగ్గురిదీ నేపుల్స్ పక్కనే ఉన్న కస్తెల్లమ్మారె. ఫిలాసఫీ వైపు ఆసక్తి ఉంటే రొబెర్తో ఎస్పోసిటో పేరు చూసి ఉంటారు. 1950లో పుట్టాడు. సమాజం అంటే ఏమిటి, రాజ్యం మనుషుల ప్రాణాల మీద ఎలా పెత్తనం చేస్తుంది అన్న అంశాల మీద రాసేవాళ్ళలో ఇవాళ పెద్ద పేరు. వీకో ఎక్వెన్సెలో సముద్రం ఒడ్డున హోటల్ నడిపే జెన్నారో ఎస్పోసిటోకి రెండు మిషెలిన్ నక్షత్రాలున్నాయి. స్టూడెంటు జేబుకు అది కష్టం, కనీసం ఎదురుగా ఫోటో దిగొచ్చు.

ఈ పేరు స్పెయిన్‌లోనూ ఉంది, ‘ఎక్స్‌పోసితో’ అని. అక్కడి కథ వేరే దారి పట్టింది. 1794లో నాలుగో కార్లోస్ రాజు, దొరికిన పిల్లల్ని చట్టం ముందు సక్రమ సంతానంగానే చూడాలని ఆజ్ఞ ఇచ్చాడు. 1921లో ఆ ఇంటిపేరు ఉన్నవాళ్ళు తేలిగ్గా మార్చుకునేందుకు చట్టం చేశారు. నేపుల్స్ వాళ్ళు మాత్రం మార్చుకోవడానికి ఎగబడలేదు.

మీరు నేపుల్స్ ఒక్కటే అడిగారు గానీ ఇంటర్న్‌షిప్‌కి ఉత్తరాదికి వెళితే ఇదే కథ వేరే పేర్లతో ఎదురవుతుంది. మిలాన్‌లో ఎటు చూసినా కొలంబో. 1456లో ఫ్రాంచెస్కో స్ఫోర్త్సా పెట్టిన పెద్దాసుపత్రి చిహ్నం పావురం, అంటే ‘కొలొంబా’. అక్కడికి చేరిన పిల్లలకు ఆ పావురం పేరే ఇచ్చేవారు. రోమ్‌లో ప్రొయెత్తి, అంటే విసిరేసినవాళ్ళు. వినడానికి ఎస్పోసిటో కన్నా కటువు. అయినా జీజీ ప్రొయెత్తి అనే నటుణ్ణి రోమ్ నెత్తిన పెట్టుకుంది. 2020లో ఆయన పోయినప్పుడు ఊరంతా ఏడ్చింది. బొలోన్యాలో దెల్యి ఎస్పోస్తి. వెనిస్‌లోని పియెతా ఆశ్రమం అయితే ఇంటిపేరు ఇచ్చే శ్రమే తీసుకోలేదు. అక్కడి ఆడపిల్లలకు సంగీతం నేర్పి, వాయించే వాద్యాన్నే పేరు పక్కన తగిలించారు. ‘వయొలిన్ అన్నా మరియా’ అలా వచ్చిన పేరే. 1703లో అక్కడ వయొలిన్ పంతులుగా చేరిన యువ గురువు వివాల్ది. ఆమె కోసం ఆయన ప్రత్యేకంగా వయొలిన్ కృతులు కూర్చాడు.

ఫ్లారెన్స్‌ది ఇంకా అందమైన పేరు: ఇన్నొచెంతి, అంటే అమాయకులు. బైబిల్లో హేరోదు రాజు చంపించిన పసిపిల్లల పేరు మీద, పట్టు వర్తకుల సంఘం డబ్బుతో, బ్రునెల్లెస్కి 1419లో మొదలుపెట్టిన భవనం అది. 1445 ఫిబ్రవరి 5న తొలి బిడ్డ వచ్చింది, ఆడపిల్ల. ఆ రోజు అగాతా అనే పునీతురాలి పండగ కాబట్టి అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. ముందు కమానుల మీద నీలం రంగులో గుండ్రటి పలకలు, వాటిలో గుడ్డల్లో చుట్టిన తెల్లని పసివాళ్ళు కనపడతారు. ఆంద్రేయా దెల్లా రొబ్బియా చేసిన మట్టిబొమ్మలు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం తన చిహ్నానికి ఆ బొమ్మనే తీసుకుంది. లోపలి మ్యూజియంలో విరిచిన బిళ్ళలు, నాణేలు చిన్న చిన్న సొరుగుల్లో పెట్టారు. యూనిసెఫ్ పరిశోధన కేంద్రానికి కూడా ఇన్నొచెంతి అన్న పేరు ఇక్కణ్ణుంచి వచ్చిందే.

ఇన్నొచెంతి పేరు మన నాన్నల తరానికి తెలియకుండానే ఇళ్ళ ముందు నిలబడి ఉండేది. తస్కనీలోని పేషాలో 1891లో పుట్టిన ఫెర్దినాందో ఇన్నొచెంతి ఉక్కు గొట్టాల వ్యాపారి. 1930ల్లో మిలాన్ శివార్లలోని లాంబ్రాతెలో ఫ్యాక్టరీ పెట్టాడు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1947లో లాంబ్రెట్టా స్కూటర్ తెచ్చాడు. బొంబాయిలో అది తయారైంది. 1972లో ఆ ఇటలీ కంపెనీ యంత్రాలను మన కేంద్ర ప్రభుత్వం కొని లక్నోకి తెచ్చింది. విజయ్ సూపర్ అక్కణ్ణుంచి వచ్చింది. దాని భాగాలతోనే అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో ఆల్విన్ పుష్పక్ స్కూటర్ తయారైంది. పుష్పక్ కిక్ కొట్టి కొట్టి చెమటలు పట్టిన బాబాయిలు ఎవరైనా ఉంటే వాళ్ళకి ఈ వంశవృక్షం వినిపించండి.

ఒక జాగ్రత్త. ఎస్పోసిటో, ప్రొయెత్తి అని ఉంటే మూలం దాదాపు ఖాయం. కొలంబో, ఇన్నొచెంతి అని ఉంటే అలా తేల్చెయ్యకూడదు. కొలంబో, ఇన్నొచెంతే అన్నవి మధ్యయుగాల్లో మామూలు మనుషుల పేర్లు కూడా. తండ్రి పేరే ఇంటిపేరైన కుటుంబాలూ ఉన్నాయి. కొలంబస్ అసలు పేరు క్రిస్తోఫొరో కొలంబో, జెనోవాలో ఉన్ని నేసే దొమేనికో కొడుకు. ఆయనకూ మిలాన్ పావురానికీ సంబంధం లేదు. శ్రీలంకలోని కొలంబో నగరానికీ ఏ ఇటాలియన్ కొలంబోతోనూ సంబంధం లేదు, ఇది ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. ఫెరారీ తొలి పన్నెండు సిలిండర్ల ఇంజిన్ గీసిన జోవాకినో కొలంబో, 1970లో ప్రధాని అయిన ఎమిలియో కొలంబో పేర్ల వెనక ఏముందో వాళ్ళ ఊరి రిజిస్టర్లు చూస్తే తప్ప చెప్పకూడదు. ఎమిలియోది అసలు మిలానే కాదు, దక్షిణాన పొతెన్‌జా.

నేపుల్స్ వీధుల్లోనూ, ఇంటర్నెట్‌లోనూ ‘ఎస్పోసిటో వంశ రాజచిహ్నం’ అని సింహం, డాలు, కత్తి వేసిన పలకలు అమ్ముతారు. మీ ఓనర్‌కి పండక్కి బహుమతిగా కొందామని మీరు అనుకునే లోపే చెబుతున్నా, వద్దు. ఆ పేరుకు ఒక వంశమే లేనప్పుడు వంశచిహ్నం ఎక్కణ్ణుంచి వస్తుంది?

నిజంగా మూలాలు వెతకాలంటే దారి ఇలా ఉంటుంది. 1809 నుంచి ఇటువైపు అయితే ప్రభుత్వ రిజిస్టర్లు. వాటిలో చాలా భాగం ఇటలీ ఆర్కైవుల వెబ్‌సైట్లో ఉచితంగా చూడొచ్చు. అంతకు వెనక్కి వెళితే చర్చి పుస్తకాలు. 1563లో ట్రెంట్‌లో జరిగిన కాథలిక్ చర్చి మహాసభ ఆజ్ఞ ఇచ్చాక బాప్తిస్మం, పెళ్ళి పుస్తకాలు రాయడం చర్చిలన్నిటికీ తప్పనిసరి అయింది. ఆ పుస్తకాల్లో తాత, ముత్తాత అని పైకి వెళుతూ వెళుతూ ఒకచోట తండ్రి పేరు ఉండాల్సిన గడిలో అనున్‌జియాతా పేరు కనపడుతుంది. అక్కణ్ణుంచి ఆశ్రమం రిజిస్టర్లోకి వెళ్ళొచ్చు, 17వ శతాబ్దం నాటివి కూడా మిగిలాయి. బిడ్డ ఏ గుడ్డలో వచ్చిందో, మెడలో ఏముందో దొరుకుతుంది. దాని మీదికి కాగితం లేదు. డీఎన్ఏ పరీక్షలు చేయించుకుని దూరపు చుట్టాలను పట్టుకున్నవాళ్ళు ఉన్నారు గానీ, మూడు వందల ఏళ్ళ నాటి తల్లి పేరు దానితో రాదు.

ఇక ఓనర్‌ని అడగొచ్చా అని. అద్దె కట్టిన మొదటి నెలలోనే వద్దు. పెద్దవయసు వాళ్ళలో కొందరికి ఇంకా లోపల కలుక్కుమంటుంది, బయటివాళ్ళు అడిగితే మరీను. వాళ్ళంతట వాళ్ళే జోకు వేసేదాకా ఆగండి, నేపుల్స్ వాళ్ళు ఎలాగూ వేస్తారు. ‘నాకు ఊరు నిండా చుట్టాలే’ అని మా వీధి కూరగాయలాయన దుకాణం ముందు నిలబడి రోజూ అంటాడు, ఆయనా ఎస్పోసిటోనే. అంతలోపు అనున్‌జియాతాకి ఒకసారి వెళ్ళి రండి. వెళ్ళే ముందు వేళలు కనుక్కోండి. చర్చి తెరిచి ఉన్న సమయం, చక్రం గది తెరిచే సమయం వేరుగా ఉండొచ్చు, మధ్యాహ్నం రెండూ మూసే రోజులుంటాయి. ఫోర్చెల్లాలో ఫోను జేబులో పెట్టుకోండి.